అయిదో మాట

మార్చి 5, బుధవారం

ఈస్టరు ముందరి శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈ డైరీ జనవరిలో మందుల షాపువాడు ఇచ్చాడు. ఖాళీగానే ఉంది. స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్లలో ముప్పై నాలుగేళ్ళు, షిఫ్టు దిగేముందు లాగ్ బుక్కులో ఒక లైను రాసేవాణ్ణి. అంతకుమించి రాయడం తెలీదు. ఊళ్ళో ఏడో తరగతితో ఆగిన చదువు.

ఈస్టరు దాకా రాస్తాను. తాగని రోజు తాగలేదు అని రాయాలి. అంతే.

ఈరోజు తాగలేదు.

మార్చి 6

తాగలేదు.

మార్చి 7

తాగలేదు. అయిదు గంటలప్పుడు కష్టంగా ఉంది. గుమ్మంలో కూర్చుంటే సారా భట్టీవైపు పోయేవాళ్ళు కనపడతారు. లోపల కూర్చుంటే వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడుతుంది.

మార్చి 9, ఆదివారం

మందిరంలో చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఇదివరకు ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగేది నేనే. మాట్లాడే పని కాదు కాబట్టి నాకిచ్చారు. ఫిబ్రవరి నుంచి పట్టుకోవడం లేదు. ఎవరూ వద్దనలేదు. నేనే వెనక్కి వచ్చేశాను.

బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ముట్టలేదు. కొత్త సంవత్సరం రోజున కోక్ ఓవెన్ బ్యాటరీలో పనిచేసిన పాతవాళ్ళం క్యాంప్ 2 బస్తీలో కలిశాం. ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు. వద్దు అని నలుగురిలో చెప్పాలంటే నోరు రాలేదు. మాట్లాడడం కంటే తాగడం సులువు. నాకు ఎప్పుడూ అంతే.

ఫిబ్రవరిలో మళ్ళీ. అప్పుడు ఎవరూ గ్లాసు ఇవ్వలేదు. నేనే వెళ్ళాను. రోడ్డుమీద పడిపోయాను. మందిరంవాళ్ళు ఇద్దరు తీసుకొచ్చి ఇంట్లో దింపారు.

మార్చి 11

లూసీ చూసేసింది.

"ఏటి రాస్తన్నావు? నామీద ఫిర్యాదా?"

"కాదు."

"మరేటి?"

"ఊరికే."

"ఊరికే రాసేవోడివైతే, నాను పెళ్ళై కొత్తలో పుట్టింట్లో ఉన్నప్పుడు ఒక్క ఉత్తరం రాసుందువు."

నవ్వాను. ఆమె నవ్వలేదు. కుడిచేత్తో బిందె ఎత్తుకుని వెళ్ళింది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకర. దాంతో బరువు ఎత్తలేదు. అది నేను మెలిపెట్టిన చెయ్యి. మా అబ్బాయి ఇమ్మాను అప్పుడు మూడో క్లాసు.

తిరిగొచ్చాక చెప్పింది. "అయ్యా, ఇను. ఇంకోసారి వాసనొచ్చిందంటే ఉతై ఎల్లిపోతాను, ఇమ్మాను దగ్గరకి. ఏడవను. అరవను. సంచి సర్దుకొని ఆటో ఎక్కుతాను. మళ్ళీ రాను."

ఒట్టు వెయ్యబోయాను. తల వెనక్కి తీసుకుంది.

"తియ్యి చెయ్యి. నువ్వేసిన ఒట్లకే నా జుట్టంతా ఊడిపోనాది."

తాగలేదు.

మార్చి 14

హోలీ. బయటికి వెళ్ళలేదు. తలుపేసుకుని ఉన్నాం. తాగలేదు.

మార్చి 18

తాగలేదు. తాగలేదు అని రాయడానికే రోజు గడుస్తున్నట్టుంది.

మార్చి 22

అంతా నార్మల్.

మార్చి 23, ఆదివారం

అంతా నార్మల్. మందిరానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదు.

మార్చి 24

నార్మల్.

మార్చి 27

22న రాసింది అబద్ధం. ఈ పుస్తకం నేను తప్ప చదివేవాళ్ళు లేరు. అయినా అబద్ధమే రాశాను. లాగ్ బుక్కులో అలాగే అలవాటు. ఏదైనా రాస్తే పై ఆఫీసరు పిలిచి అడుగుతాడు, మాట్లాడాలి. నార్మల్ అని రాస్తే ఎవడూ పిలవడు.

22న లూసీ ఆస్పత్రికి వెళ్ళింది, కళ్ళు చూపించుకోవడానికి. పావు సీసా తెచ్చుకుని రైలు పట్టాల అవతల కూర్చుని తాగాను. వేపాకు నమిలాను. ఒంట్లో బాగాలేదని ముసుగు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదే అంది. మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఒంటిచేత్తో వడగట్టి.

తాగాను, ఆ కషాయం కూడా.

ఇది మూడోసారి. జనవరి, ఫిబ్రవరి, మార్చి.

గ్రేస్ అయిపోయింది.

ఈ మాట ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని. మందిరంలో ఇదివరకటి ముసలి అయ్యగారు ఉండగా కృప, కృప అని చెప్పేవారు. నాకు బాగా అర్థమయ్యేది కాదు. ఒకసారి ఆయనే ఇంగ్లీషులో గ్రేస్ అన్నారు. అప్పుడు అర్థమైంది. మా ప్లాంటు గేటు దగ్గర పది నిమిషాలు గ్రేస్ టైం ఉండేది. లేటైనా లోపలికి పోనిస్తారు, జీతంలో కోత ఉండదు. అయితే నెలకి మూడుసార్లే. నాలుగోసారి గేటులోంచి వెనక్కి పంపించేసేవారు. ఓహో ఇదా అనుకున్నాను. దేవుడు కాబట్టి నెలకి కాదు, బతుక్కి మూడుసార్లు అయి ఉంటుంది అనుకున్నాను. పదకొండేళ్ళు ఒక్కటీ వాడలేదు. దాచిపెట్టుకున్నట్టే ఉండేది.

ఇప్పుడు మూడూ అయిపోయాయి.

మార్చి 30, ఆదివారం

వెళ్ళకపోతే లూసీకి అనుమానం వస్తుందని వెళ్ళాను.

శుభ శుక్రవారం రోజున, ప్రభువు సిలువమీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు చెప్పాలి. ప్రతి ఏడూ అడిగి ఇస్తారు. ఈసారి అనిల్‌కుమార్ అయ్యగారు చీటీలు వేయించారు. కుర్రవాడు, ఇక్కడే, ఈ హిందీవాళ్ళ మధ్యే పుట్టాడు. తెలుగు ప్రసంగం కూడా హిందీ అక్షరాల్లో రాసుకుంటాడు. స్త్రీల సమాజం వెరోనికమ్మ స్టీలు గిన్నె పట్టుకుని తిరిగింది. ఆరుగురు తీశారు. ఏడో ఆయనకి డ్యూటీ, రాలేదు.

అయ్యగారు గిన్నె తీసుకుని చెప్పుల దగ్గరికే వచ్చారు.

"సత్యరాజు అంకుల్, ఆప్ ఉఠాయియే."

నావల్ల కాదు అన్నాను. వినపడలేదేమో. నేను అన్నానో లేదో కూడా తెలీదు. గిన్నె ముఖం ముందు ఉంది. అందరూ తిరిగి చూస్తున్నారు. తీశాను.

అయిదు.

అయిదో మాట దాహం. దాహంగా ఉందని ఆయన అడిగిన మాట.

"సరైనోడికే వచ్చింది," అని వెరోనికమ్మ పక్కావిడతో అంది. మెల్లిగానే అంది. పక్కావిడ నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో పెట్టుకుంది.

లూసీ విన్నది. ఇంటి గొళ్ళెం తీస్తూ అంది. "చెప్తావా?"

"అయ్యగారికి తిరిగిచ్చేస్తాను."

"ఇచ్చేయి మరి. ఎప్పుడు ఇస్తావు?"

"రేపు."

ఏప్రిల్ 2

ఇవ్వలేదు.

ఏప్రిల్ 4

చీటీ చొక్కా జేబులో ఉంది. అయ్యగారి ఇంటిదాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. తిరిగొచ్చేశాను.

అయిదు నిమిషాలు మాట్లాడాలట. అయిదు నిమిషాలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఇమ్మాను పెళ్ళిలో కూడా.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి ఆదివారం, బల్ల. రొట్టె విరవక ముందే లేచి బయటికి వచ్చేశాను. రోడ్డుమీద కొబ్బరిబొండాల బండి నీడలో నిలబడ్డాను. లూసీ వచ్చి ఏమీ అడగలేదు. అడగకపోవడం భయంగా ఉంది.

ఏప్రిల్ 8

రాయడానికి ప్రయత్నం చేశాను. దాహం గురించి నాకేం తెలుసు అని.

బ్యాటరీ పైన పని. కాళ్ళ కింద ఓవెన్లు మండుతుంటాయి. బూట్లకింద కర్ర చెక్కలు కట్టుకునేవాళ్ళం. అయినా అరికాళ్ళు కాలేవి. బెల్లం, ఉప్పు ఇచ్చేవారు. కుండలో నీళ్ళు ఎన్ని తాగినా గొంతు తడిసేది కాదు. చెమట ఆరి చొక్కామీద తెల్లగా ఉప్పు కట్టేది. షిఫ్టు దిగాక అందరం తిన్నగా పోయేవాళ్ళం. ఒక భట్టీ దిగి ఇంకో భట్టీ ఎక్కావా అని లూసీ అనేది. మొదట్లో నవ్వుతూనే అనేది.

అక్కడ తాగితే తడిసేది, గొంతు. ఒక గంట.

ఇదంతా మందిరంలో చెప్పే మాటా? కొట్టేశాను.

ఏప్రిల్ 10

తాగలేదు. ఇది నిజం.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

వెళ్ళాను. పిల్లలు మట్టలు పట్టుకుని తిరిగారు. అయ్యగారు బయట నన్ను ఆపారు.

"అంకుల్, తయారీ కైసీ హై?" సిద్ధపడడం ఎలా ఉందని.

చీటీ తిరిగిచ్చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఆయన ఆ చెయ్యే లాక్కుని రెండు చేతుల్తో ఊపేశారు. "టెన్షన్ మత్ లో అంకుల్. ఛోటా బోలో, మగర్ సచ్ బోలో." కొంచెమే చెప్పండి, నిజం చెప్పండి అని.

చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 16, బుధవారం

అంతా

ఏప్రిల్ 17, గురువారం

నిన్న తాగాను.

కారణం ఏమీ లేదు. రాయాలంటే ఏదో రాయొచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాను, పడుకున్నాను, లేచాను. ఎలాగూ మూడూ అయిపోయాయి, నాలుగుకీ నలభైకీ తేడా ఏముంది అనిపించింది. అలా అనిపించగానే ఒళ్ళు తేలికైంది. అదే భయం వేస్తోంది ఇప్పుడు. అంత తేలిక ఈ మూడు నెలల్లో ఎప్పుడూ లేదు. చెప్పులు వేసుకుని నడిచి వెళ్ళాను. లైనులో నిలబడ్డాను. తెలిసినవాడు పలకరించాడు, పలికాను కూడా.

వేపాకు నమలలేదు.

తిరిగొచ్చేసరికి లూసీ పప్పుకి తాలింపు వెయ్యబోతోంది. వెనక్కి తిరగలేదు. గరిటె ఆగింది. స్టవ్ కట్టేసింది.

పొద్దున్నే సంచి సర్దుకుంది. చెప్పినట్టే, ఏడవలేదు, అరవలేదు. రెండు చీరలు, కళ్ళ మందు, పాటల పుస్తకం. నేను మంచం మీద కూర్చుని చూశాను. వెళ్ళొద్దు అనలేదు.

గుమ్మంలో ఆగి అంది. "నువ్వు తాగినావని ఎల్లట్లేదు. కషాయం కాసిన రోజే నాకు తెలుసు. నువ్వే చెప్తావని చూసినాను. ఇరవై అయిదు రోజులు చూసినాను."

ఆటోవాడు హారన్ కొట్టాడు.

పప్పు అలాగే ఉంది. తాలింపు లేకుండా.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

చీటీ ఇచ్చేద్దామనే వెళ్ళాను. ఇది నిజం. ఇచ్చేసి ఇంటికి వచ్చేద్దామని.

పన్నెండుకి ముందే మందిరం నిండిపోయింది. అయ్యగారు బల్ల దగ్గర మైకు సరిచేస్తున్నారు. అంతమందిలోంచి నడిచి వెళ్ళాలి. చెప్పుల దగ్గరే కూర్చున్నాను. మొదటి మాట చెప్పేవాడు లేచాడు. తర్వాత రెండో ఆయన. బాగా చెప్పాడు, జనం ఏడ్చారు. నాలుగో మాట, నన్నెందుకు చెయ్యి విడిచావు అన్నది, వెరోనికమ్మ. చెయ్యి విడిచినవాళ్ళ గురించి చెప్పింది. నా గురించే అనుకున్నాను. లూసీ గురించేమో కూడా.

"పాంచ్‌వా వచన్, సత్యరాజు అంకుల్."

అయిదో మాట. కాళ్ళు లేచాయి. నేను లేపలేదు. ముందుకి వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాను. మైకు తెచ్చి చేతిలో పెట్టారు. అది కరకరమంది.

అన్నది గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"నాకు దాహం మాట వచ్చింది. దాని అర్థం చెప్పడం నాకు రాదు. దాహం తెలుసు. నిన్న కాదు మొన్న తాగినాను. జనవరిలో, ఫిబ్రవరిలో, మార్చిలో కూడా తాగినాను. లూసీ ఎల్లిపోయింది. ఆయన దాహమేసినప్పుడు అందరూ చూస్తుండగా అడిగినాడు. ఎగతాళి చేసేవోళ్ళని కూడా అడిగినాడు. నాను ఎవర్నీ అడగలేదు. దాక్కుని తాగినాను. అంతే."

కూర్చున్నాను. అయిదు నిమిషాలు కాదు, ఒక నిమిషం కూడా అయి ఉండదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆరో మాట ఆయన చాలాసేపు లేవలేదు.

అయిపోయాక నన్ను ఎవరూ పలకరించలేదు. నా చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. అంత దారి నాకెప్పుడూ ఇవ్వలేదు. వెరోనికమ్మ నేల చూస్తూ నిలబడింది.

గేటు దగ్గర అయ్యగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆదివారం బల్ల ఉంది అంకుల్, పళ్ళెం మీరే పట్టుకోవాలి అన్నారు.

"గ్రేస్ అయిపోయిందయ్యగారూ," అన్నాను.

"క్యా హో గయా?" ఏమైంది అని. ఆయనకి అర్థం కాలేదు.

వచ్చేశాను.

నిజం చెప్తే తేలికవుతుంది అంటారు. కాలేదు. తాగినరోజే తేలికైంది. ఇల్లు ఖాళీగా ఉంది. సాయంత్రం అయిదయింది. ఇప్పుడు ఎవరూ వాసన చూడరు. ఎవరికీ భయపడక్కర్లేదు. ఇలాంటి అయిదు గంటల పూట నాకు ఎప్పుడూ రాలేదు.

పప్పు పులిసిపోయింది. పారబోసి గిన్నె తోమాను. రెండుసార్లు తోమాను.

ఏప్రిల్ 19, శనివారం

గురునాథరావు వచ్చాడు. టైం ఆఫీసు గుమాస్తాగా చేసేవాడు, విజయనగరంవాడు. ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. లూసీ వెళ్ళిందని వాళ్ళావిడ చెప్పిందట.

"ఏట్రా సత్యం, చెల్లెమ్మని తోలేసి ఏటి చేస్తన్నావు?"

"తోలలేదు. ఎల్లిపోయింది."

"మళ్ళీ ఏసినావా?"

తల ఊపాను.

"నానూ ఏసేవోణ్ణే కదరా. నాకు దేవుడు చెప్పలేదు, సుగరు చెప్పింది. సుగరు మాట యినకపోతే కాలు తీసేస్తది. మీ దేవుడేటి తీసేస్తాడు?"

ఏం తోచిందో, చెప్పేశాను. గ్రేస్ టైం, మూడుసార్లు, అయిపోవడం, అన్నీ. టైం ఆఫీసువాడు కదా, తెలుస్తుందనుకున్నాను. మధ్యలోనే నవ్వడం మొదలెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓరి నీ! పదకొండేళ్ళూ ఇదేనా అనుకున్నావు? ఒరే, గ్రేస్ టైం ఎవుడికిరా? లేటొచ్చినోడికి. టైముకొచ్చినోడికి దాంతో ఏటి పని? పదకొండేళ్ళు వాడలేదు, దాచినాను అంటున్నావు. దాచుకుంటే వడ్డీ వస్తదేటి?"

"నాలుగోసారి పంపించేస్తారు కదా."

"అది ప్లాంటు రూలు. ఆ మూడు అన్న నంబరు కాయితం మీద టైపు కొట్టింది నాను. మీ దేవుడు మా టైం ఆఫీసులో చేసినాడేటి?"

నాకు నవ్వు రాలేదు. అతనికి ఆగలేదు. టీ పెట్టుకుందాం అని తనే లేచి పెట్టాడు. చక్కెర లేకుండా. అయిదు దాటేదాకా కూర్చున్నాడు. తెలిసే కూర్చున్నాడేమో. అడగలేదు. వాళ్ళ వీధిలో నీటి గొడవల గురించి చెప్తూనే ఉన్నాడు.

వెళ్ళాక ఆలోచించాను. టైముకొచ్చినవాడికి దాంతో పనిలేదు. అయితే ఆ పదకొండేళ్ళు నేను నిలబడింది దేనిమీద? నామీదే అనుకున్నాను. నామీద కాకపోతే, ఎవరిమీద? అర్థం కావడం లేదు. అర్థం కాకపోయినా లెక్క తప్పిందని మాత్రం తెలుస్తోంది.

దానివల్ల లూసీ రాదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లారకముందే ఆరాధన. పళ్ళెం పట్టుకోలేదు. చెప్పుల దగ్గరే కూర్చున్నాను. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. పట్టుకున్నది వెరోనికమ్మ మొగుడు. దాటి వెళ్తాడనుకున్నాను. ఆగాడు. నేను తల ఎత్తేదాకా ఆగాడు.

తీసుకున్నాను. సగం ముక్క కింద పడింది. ఏరుకుని అదీ తిన్నాను.

అక్కణ్ణించి తిన్నగా ఉతై బస్సు ఎక్కాను. ఏం చెప్పాలో దారిలో అనుకుందామనుకున్నాను. ఏమీ తోచలేదు.

ఇమ్మాను తలుపు తీశాడు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు, మాట్లాడకుండా. వాడికి నా నోరే వచ్చింది. లూసీ బయటికి వచ్చింది. అరుగుమీద కూర్చుంది. నేను మెట్టుమీద కూర్చున్నాను.

"మందిరంలో చెప్పినావట."

"ఎవరు చెప్పారు?"

"వెరోనికమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది. నానే ఓదార్చాల్సొచ్చింది దాన్ని. అందరికీ చెప్పినావు. నాకు చెప్పలేదు."

"మార్చి 22న తాగాను," అన్నాను. "రైలు పట్టాల అవతల. బుధవారం కూడా తాగాను."

"నాకు తెలుసు."

"తెలుసు. చెప్తున్నాను."

ఎండ మెట్టు మీదికి వచ్చింది. ఆమె ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో రాస్తోంది. ఎండాకాలం కూడా నొప్పి వస్తుందని నాకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా రాస్తోందేమో. చూశాను. ముఖం తిప్పుకోకుండా చూశాను.

"మళ్ళీ తాగుతావా?"

"తెలీదు."

"ఏటి?"

"తెలీదు లూసీ. ఈరోజు తాగలేదు. నావల్ల అవుతుందని నేను చెప్పలేను."

అన్నం పెట్టింది, అరుగుమీదే. ఇమ్మాను బయటికి రాలేదు. తిన్నాక బస్సుదాకా వచ్చింది నాతో. సంచి లేదు చేతిలో. ఉత్త చేతులతోనే వచ్చింది. చూసి, నాతో రావట్లేదని తెలిసిపోయింది.

బస్సు వచ్చింది. ఎక్కాను. కండక్టరు దుర్గ్, దుర్గ్ అని అరుస్తున్నాడు. లూసీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మంగళారం నీళ్ళ టేంకరొస్తది."

"ఆఁ."

"పెద్ద డ్రమ్ము నింపు. అడుగున పాచి ఉంటాది, తోమి నింపు. తోమకుండా నింపీకు."

బస్సు కదిలింది.

ఏప్రిల్ 21

తాగలేదు. అయిదు గంటలకి గురునాథరావు ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. దాహంగా ఉందిరా అని చెప్పాను. నీళ్ళు కావాలా అన్నాడు. అది కాదు అన్నాను. తెలుసులే కూకో అన్నాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

నా ఒక్కడికీ రెండు బకెట్లు చాలు. పెద్ద డ్రమ్ము ఇద్దరికి.

అడుగుదాకా వంగి తోమాను. టేంకరు పదకొండుకి వచ్చింది. లైనులో రెండు గంటలు. పన్నెండు బకెట్లు మోశాను. నడుం పోయింది. నిండింది. మూత పెట్టాను.

ఉతై నుంచి వచ్చే మూడింటి బస్సు వెళ్ళిపోయింది. నాలుగున్నర బస్సూ వెళ్ళిపోయింది. లూసీ రాలేదు. ఈరోజు వస్తానని చెప్పలేదు కదా. ఎప్పుడు వస్తానని చెప్పలేదు. వస్తాననే చెప్పలేదు.

అయిదు దాటింది. చెప్పుల చప్పుడు వినపడుతోంది. ఇంట్లోనే ఉన్నాను.